రెండో మనిషి లేనప్పుడు: ఇంటి దగ్గర కారు పనికి మనమే చేసుకునే సామాను (ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం అండీ. వెనక కూర్చున్నవాళ్ళకి వినపడతా ఉందా? సరే. ఈ టేబుల్ మీద పెట్టిన సామాను ఒకసారి చూడండి. వాటర్ బాటిల్ ఉంది, చేపల తొట్టికి వాడే పైపు ఉంది, సూట్‌కేసు బరువు చూసుకునే త్రాసు ఉంది, ఇండికేటర్ బల్బుకి రెండు వైర్లు కట్టి ఉన్నాయి, తల కోసేసిన బోల్టులు రెండు ఉన్నాయి. ఇవన్నీ కారు పనికి వాడేవే, నేను వాడేవే.

చాలామంది ఏమనుకుంటారంటే ఇంట్లో కారు పని చేసుకోవాలంటే మెకానిక్ దగ్గరుండే సామానంతా కావాలి, అది మన దగ్గర లేదు కాబట్టి మనవల్ల కాదు అని. నాకు మాత్రం సామాను అంత పెద్ద సమస్యగా అనిపించదండీ. మీరు ఏ షెడ్డుకైనా వెళ్ళి చూడండి, విజయవాడ ఆటోనగర్‌లో అయినా ఇంకెక్కడైనా, మెకానిక్ పక్కన ఎప్పుడూ ఒక కుర్రాడు ఉంటాడు. బ్రేక్ తొక్కరా, సెల్ఫ్ కొట్టరా, వెనక లైటు వెలిగిందా చూడు, ఆ నట్టు పట్టుకో, లైటు ఇటు చూపించు, అని పొద్దున్నుంచి సాయంత్రం దాకా మాట వినపడతానే ఉంటది. ఇంట్లో మనకి లేనిది ఆ కుర్రాడు. స్పానర్లు కొనుక్కోవచ్చు, 8, 10, 12, 14, 17 ఉంటే మన మారుతి, సుజుకీ బళ్ళలో చాలా పని అయిపోద్ది. మనిషిని కొనుక్కోలేం కదా, ఆదివారం మధ్యాహ్నం పార్కింగ్‌లోకి వచ్చి మనకోసం గంటన్నర బ్రేక్ తొక్కుతా కూర్చునేవాళ్ళు ఎవరున్నారు చెప్పండి. అందుకని నేను ఇంట్లో చేసుకునే ప్రతి సామానూ ఒక చెయ్యికో, ఒక కాలికో, ఒక కంటికో బదులుగా చేసుకునేదే. అలా ఆలోచిస్తే ఏం చేసుకోవాలో దానంతటదే తెలుస్తది.

ముందు బ్రేక్ సంగతి చెప్తాను, ఎందుకంటే రెండో మనిషి లేక ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. బ్రేక్ ఎయిర్ తీయాలంటే, అంటే బ్రేక్ ఆయిల్లో చేరిన గాలి బయటికి పంపాలంటే, మామూలుగా ఒకళ్ళు లోపల కూర్చుని తొక్కి పట్టుకోవాలి, ఇంకొకళ్ళు చక్రం దగ్గర నిపుల్, అంటే గాలి వదిలే చిన్న స్క్రూ, లూజు చేసి ఎయిర్ వదిలి మళ్ళీ బిగించాలి, వీళ్ళు వదలమంటేనే వాళ్ళు వదలాలి. బిగించకముందే కాలు తీసేస్తే బయట గాలి లోపలికి పీల్చేసుకుంటది, మళ్ళీ మొదటికొస్తది. ఇప్పుడు ఈ బాటిల్ చూడండి. మూతకి రెండు చిల్లులు పెట్టాను, ఒకదాంట్లోంచి పైపు లోపలికి పోద్ది, రెండోది గాలి బయటికి పోడానికి. అడుగున కొత్త బ్రేక్ ఆయిల్ రెండు వేళ్ళ మందం పోసి, పైపు కొస అందులో మునిగేటట్టు పెట్టాలి. కిటుకంతా ఇదే. కొస ఆయిల్లో మునిగి ఉంటే మనం పెడల్ వదిలినప్పుడు గొట్టం వెనక్కి పీల్చినా గాలి రాదు, ఆయిలే వస్తది. అంటే ఆ నిపుల్ని ప్రతిసారీ బిగించి లూజు చేయాల్సిన పని లేదు, ఆ కుర్రాడి పని ఈ బాటిలే చేస్తది.

పైపు తెల్లగా లోపల కనపడేది అయ్యుండాలి, నిపుల్ మీదకి టైటుగా ఎక్కాలి. ముందు రింగ్ స్పానర్ నిపుల్‌కి ఎక్కించి ఆ తర్వాత పైపు తొడగండి, పైపు తొడిగాక రింగ్ స్పానర్ ఎక్కదు. పైపు నిపుల్ దగ్గర్నుంచి ముందు పైకి పోయి అక్కడినుంచి బాటిల్లోకి దిగాలి, అందుకని బాటిల్ని బైండింగ్ వైరుతో షాక్ అబ్జార్బర్‌కి నిపుల్ కంటే ఎత్తులో కట్టండి. బుడగ ఎప్పుడూ పైకే పోద్ది కాబట్టి బయటకొచ్చింది మళ్ళీ నిపుల్ వైపుకి దిగదు. నిపుల్ పావు చుట్టు లూజు చేసి లోపలికెళ్ళి కూర్చుని నెమ్మదిగా తొక్కి నెమ్మదిగా వదలండి, తొందరపడి గబగబా కొడితే ఆయిల్లో నురగ పుడతది. నాలుగైదు తొక్కులకోసారి దిగొచ్చి బానెట్ కింద ఉండే బ్రేక్ ఆయిల్ డబ్బాలో ఆయిల్ చూసుకుని పోసుకోవాలి, అది ఖాళీ అయిందంటే చేసిన పనంతా పోయినట్టే.

ఇక్కడ ఇంకో ముక్క చెప్తాను, ఇది షెడ్డుల్లో కూడా చాలామంది పట్టించుకోరు. పాత బండిలో తొక్కినప్పుడు పెడల్ ఎప్పుడూ సగం దాకానే దిగుతా ఉంటది, మాస్టర్ సిలిండర్లో, అంటే పెడల్ తొక్కితే ఆయిల్‌ని చక్రాల వైపుకి తోసే పంపులో, ఆ కింది భాగంలో ఏళ్ళ తరబడి మడ్డి, తుప్పు పట్టి ఉంటది. ఎయిర్ తీసేటప్పుడు మనం పెడల్ని ఫ్లోర్ దాకా తొక్కేస్తే లోపలి రబ్బరు వాషర్ ఆ తుప్పు మీద రాసుకుని చిరిగిపోద్ది, ఎయిర్ తీయకముందు బానే ఉన్న బ్రేకు తీశాక దిగిపోవడానికి చాలాసార్లు కారణం ఇదే. పెడల్ కింద ఒక చెక్క ముక్క పెట్టండి, అంతకంటే కిందకి పోకుండా. చెక్క ముక్కే, ఏమీ ఖర్చు లేదు, మాస్టర్ సిలిండర్ బతికిపోద్ది.

పైపులో బుడగ వస్తుందో లేదో లోపల కూర్చుంటే కనపడదు కదా, దానికి ఫోన్ని చక్రం దగ్గర ఇటుకకి ఆనించి వీడియో ఆన్ చేసి పెట్టండి, పాత ఫోన్ ఇంకోటి ఉంటే వీడియో కాల్ పెట్టుకుంటే అక్కడిది ఇక్కడ కూర్చునే చూడొచ్చు. ఎంత తీసినా సన్న బుడగలు ఆగట్లేదు, పెడల్ మాత్రం గట్టిగానే ఉంది అనుకోండి, ఆ గాలి లోపల్నుంచి రావట్లేదు, లూజు చేసిన నిపుల్ థ్రెడ్డు పక్కనుంచి వస్తా ఉంది. నిపుల్ తీసి థ్రెడ్డు మీద మాత్రమే ప్లంబింగ్ టేపు ఒక చుట్టు వేస్తే ఆగిపోద్ది, కొసన కోసుగా ఉండే చోట టేపు పడకూడదు, అక్కడే సీలు అయ్యేది.

ఆయిల్ గురించి కచ్చితంగా ఉండండి. బ్రేక్ ఆయిల్లో డాట్ 3, డాట్ 4 అని రకాలుంటాయి, బండి మాన్యువల్లో డాట్ 3 అనుంటే డాట్ 3, డాట్ 4 అనుంటే డాట్ 4. కొత్త డాట్ 3 మరిగే వేడి కనీసం 205 డిగ్రీలు, డాట్ 4 ది 230, కానీ ఇది గాల్లో తేమని పీల్చుకునే రకం కాబట్టి పాతదైన కొద్దీ ఆ డిగ్రీలు పడిపోతా ఉంటాయి. అందుకే బాటిల్లోకి దిగింది మళ్ళీ పైన పోయకండి, బుడగలు పోయినా సరే. ఇంజనాయిల్, డీజిల్, కిరోసిన్ తగిలిన గరాటు కూడా వాడకండి, బ్రేక్ రబ్బర్లు వాటికి ఉబ్బి పాడైపోతాయి. రంగు మీద పడితే రంగు లేచిపోద్ది, వెంటనే నీళ్ళతో కడిగేయండి. ఇంకొకటి, అది వాటర్ బాటిలే కాబట్టి దాని మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి, పిల్లలున్న ఇల్లయితే పైన దాచండి, చూడ్డానికి తాగే డ్రింకు లాగే ఉంటది, చాలా ప్రమాదం. ఏబీఎస్, అంటే బ్రేక్ కొట్టినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు, ఉన్న బళ్ళలో ఆ యూనిట్ లోపల గాలి పడితే దాన్ని తీయడానికి చాలా మోడల్స్‌కి స్కానర్ కావాలి, అందుకే ఆ బళ్ళలో డబ్బా ఖాళీ అవ్వకుండా ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

తర్వాత ఈ త్రాసు. వీల్ నట్టు గానీ స్పార్క్ ప్లగ్గు గానీ ఎంత గట్టిగా బిగించాలో మాన్యువల్లో న్యూటన్ మీటర్లలో ఇస్తారు. దానికి టార్క్ రెంచ్ అని ఉంటది, మంచిది కొనాలంటే వేలల్లో ఖర్చు. అయితే ఆ టార్క్ అనేది ఏంటండీ, ఎంత పొడుగు మీద ఎంత బలంతో లాగాం అన్నదే కదా. ఒక మీటరు పొడుగు రాడ్డు చివర ఒక కిలో బరువుతో లాగితే 9.8 న్యూటన్ మీటర్లు. మనకి మీటరు రాడ్డు పెట్టేంత చోటుండదు, నట్టుకి తొడిగే సాకెట్ మధ్య నుంచి కొక్కెం తగిలించే చోటుకి సరిగ్గా 50 సెంటీమీటర్లు కొలిచి రాడ్డు మీద గుర్తు పెట్టుకోండి, అక్కడ కిలోకి 4.9 వస్తది. మీ మాన్యువల్లో వీల్ నట్టుకి 85 అని ఉందనుకోండి, 85 ని 4.9 తో భాగిస్తే 17 కిలోల పైన కొంచెం. త్రాసు కొక్కెం ఆ గుర్తు దగ్గర తగిలించి, రాడ్డుకి సరిగ్గా అడ్డంగా, ఇలా ఎల్ ఆకారంలో లాగండి, ముల్లు 17 దాటగానే ఆపండి. ఏటవాలుగా లాగితే లెక్క తప్పుద్ది, త్రాసు ఎక్కువ చూపిస్తది గానీ నట్టుకి తక్కువే అందుద్ది.

ముల్లున్న స్ప్రింగు త్రాసే కొనండి. డిజిటల్‌ది బరువు నిలకడగా ఉంటేనే అంకె చూపించి అక్కడ ఆగిపోద్ది, మనం లాగుతా ఉంటే దాంతో పని కాదు. థ్రెడ్డు పొడిగా, శుభ్రంగా ఉండాలి, ఆయిల్ పూసి అదే అంకెకి బిగిస్తే లోపల బోల్టు మీద పడే లాగుడు చాలా ఎక్కువైపోద్ది, ఎందుకంటే రాపిడికి పోవాల్సిన బలం కూడా సాగదీయడానికే పోద్ది. వీల్ నట్లకి, బ్రాకెట్లకి, చాంబర్ (ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి) బోల్టుకి ఈ త్రాసు చక్కగా సరిపోద్ది. ఇంజిన్ పైభాగాన్ని, అంటే హెడ్‌ని, పట్టి ఉంచే హెడ్ బోల్టులకి మాత్రం వద్దు, అక్కడ వరసలో, విడతలుగా, కొన్ని ఇంజిన్లలో ఇన్ని డిగ్రీలని కోణం చూసి బిగించాలి, దానికి అసలు టార్క్ రెంచే తెచ్చుకోండి. అమెరికాలో ఉండే మనవాళ్ళకి ఒక సౌకర్యం ఉంది, ఆటోజోన్ లాంటి షాపుల్లో డిపాజిట్ కట్టి స్పెషల్ టూల్ తీసుకెళ్ళి పనయ్యాక తిరిగిస్తే డబ్బు వెనక్కిచ్చేస్తారు.

ప్లగ్గు అన్నాను కాబట్టి, ఇదిగో ఈ పాత పెట్రోల్ పైపు ముక్క. ప్లగ్గు పైన తెల్లగా ఉండే చోట ఇది తొడిగి, హెడ్‌లో లోతుగా ఉన్న రంధ్రంలోకి దించి వేళ్ళతో తిప్పండి. థ్రెడ్డు సరిగ్గా పడితే తిరుగుతా పోద్ది, అడ్డంగా పడితే పైపు ప్లగ్గు మీద జారిపోద్ది, థ్రెడ్డు పాడవ్వదు. హెడ్ అల్యూమినియం అండీ, రాడ్డు పెట్టి బలంగా తిప్పితే అడ్డం పడినా ప్లగ్గు దిగిపోద్ది, ఆ తర్వాత హెడ్ విప్పాల్సి రావచ్చు. ఇంత రబ్బరు ముక్క ఆ ఖర్చంతా ఆపుద్ది.

ఇప్పుడు కంటికి బదులు చేసేది. ఫ్యూజు పెట్టగానే టప్పున పోతా ఉంది, ఎక్కడ షార్ట్ అవుతుందో తెలీదు. మామూలుగా ఏం చేస్తారు, ఫ్యూజు మీద ఫ్యూజు పెట్టి చూస్తారు, లేదంటే ఇంకా ఘోరంగా వైరు ముక్క పెట్టేస్తారు, వైరింగ్ కాలిపోద్ది, బళ్ళు తగలబడేది ఇలాగే. పోయిన ఫ్యూజు ఒకటి తీసుకుని దాని రెండు కాళ్ళకీ రెండు వైర్లు సోల్డరింగ్ చేసి, ఆ వైర్లని 21 వాట్ల ఇండికేటర్ బల్బుకి కలపండి. ఈ ఫ్యూజుని ఆ చోట పెట్టండి. షార్ట్ ఉన్నంతసేపూ బల్బు ఫుల్లుగా వెలుగుద్ది, కానీ బల్బు ఉంది కాబట్టి రెండు ఆంపియర్లు కూడా దాటదు, వైరింగ్‌కి ఏం కాదు, ఎంతసేపైనా తీరిగ్గా వెతుక్కోవచ్చు. ఇక ఒక్కొక్క కనెక్టరూ పీకుతా పోండి, వైర్లు బాడీకి రాసుకునే చోట్ల కదిలించండి, ఎక్కడ చెయ్యి పెడితే బల్బు ఆరిందో షార్ట్ అక్కడుంది. డిక్కీ దగ్గర పని చేస్తా ముందున్న బల్బు ఎలా చూడాలి అంటారు, ఆ బల్బుకే పక్కన రివర్స్ హారన్ ఒకటి కలపండి, షార్ట్ ఉన్నంతసేపూ మోగుతా ఉంటది, ఆగిందంటే దొరికినట్టే. నాకు ఈ బల్బు చాలా ఇష్టం అండీ, దీనికంటే నమ్మకంగా చెప్పే సామాను ఇంకోటి లేదు. బల్బు వేడెక్కుద్ది, సీటు మీదా కార్పెట్ మీదా పడేయకండి. ఎయిర్‌బ్యాగ్ వైర్ల దగ్గర, అవి పసుపు రంగు కనెక్టర్లతో ఉంటాయి, అక్కడ బల్బూ పెట్టొద్దు మీటరూ పెట్టొద్దు, అసలు చెయ్యే పెట్టొద్దు.

రాత్రి పార్క్ చేస్తే పొద్దునకి బ్యాటరీ దిగిపోయే బండికి కూడా ఇదే బల్బు. అన్నీ ఆఫ్ చేసి, డోర్లన్నీ మూసి, బ్యాటరీ మైనస్ వైరు తీసి మధ్యలో బల్బు పెట్టండి, బాగా వెలిగితే ఏదో కరెంటు తాగుతా ఉంది, ఫ్యూజులు ఒక్కొక్కటీ తీస్తా పోతే దొరుకుద్ది. కొత్త బళ్ళలో కంప్యూటర్లు నిద్రపోడానికి కాసేపు పడుతుంది, కొంతసేపు ఆగి చూడండి.

చెయ్యికి బదులు సంగతులు చిన్నవి చాలా ఉన్నాయి, గబగబా చెప్పేస్తాను. అవతల పక్క నట్టు తిరిగిపోతా ఉంటే రింగ్ స్పానర్ పెట్టి బాడీకి ఆనేటట్టు తిప్పి బైండింగ్ వైరుతో కట్టేయండి. చెయ్యి పట్టని చోటుకి నట్టు తీసుకెళ్ళాలంటే సాకెట్‌లో కాగితం మడత పెట్టి నట్టు దూర్చండి, టైటుగా నిలబడుద్ది. డిస్క్ ప్యాడ్లు మార్చేటప్పుడు క్యాలిపర్ని, అంటే ఆ ప్యాడ్లని పట్టుకుని నొక్కే భాగాన్ని, హోస్ పైపు మీద వేలాడేయకండి, బట్టల హ్యాంగర్ వంచి స్ప్రింగుకి తగిలించండి. స్టడ్డు, అంటే తల లేని బోల్టు, తీయాలంటే దాని మీద రెండు నట్లు ఒకదాన్నొకటి బిగించి, లోపలి నట్టుకి స్పానర్ పెట్టి విప్పండి. వెనక బ్రేక్ లైటు వెలుగుతుందో లేదో చూడ్డానికి బండి వెనక భాగం గోడ దగ్గరికి పెట్టుకుని తొక్కితే అద్దంలో గోడ మీద ఎరుపు కనపడుద్ది. ఇంజిన్ లోపల ఎక్కడ శబ్దం వస్తుందో తెలియాలంటే పొడుగు స్క్రూడ్రైవర్ కొస అక్కడ ఆనించి పిడి చెవికి పెట్టుకోండి, బెల్టుకీ ఫ్యానుకీ దూరంగా, మెళ్ళో తువ్వాలు లేకుండా.

ఇప్పుడు నేను చాలా గట్టిగా చెప్పే మాట. మీరు ఎన్ని సామాన్లు చేసుకున్నా, బండి కింద దూరే పని దగ్గర సొంత తెలివి వాడొద్దు. జాకీ అనేది లేపడానికే, మోయడానికి కాదు. సిమెంటు ఇటుకలు, హాలో బ్రిక్స్ మీద బండి పెట్టొద్దు, అవి వంగి మనకి చెప్పవు, ఒక్కసారిగా పగిలిపోతాయి, ఒక పక్క చిన్న రాయి కింద తగిలినా చాలు. జాకీ స్టాండ్లు జత కొనండి, మీరు పెట్టే ఖర్చులో మొదటిది అదే అవ్వాలి, స్పానర్ల కంటే ముందు. అది కూడా దొరకని ఊళ్ళో ఉంటే అడితికి వెళ్ళి మందపాటి గట్టి చెక్క దుంగలు కోయించుకుని అడ్డంగా నిలువుగా పేర్చండి, చెక్క నలుగుద్ది, శబ్దం చేస్తది, చెప్పి విరుగుద్ది. ఊడదీసిన చక్రాన్ని పక్కన పడేయకుండా బండి అంచు కింద పడుకోబెట్టండి. నేల గట్టిగా, సమంగా ఉండాలి, కింద ఉన్న చక్రాలకి ముందూ వెనకా అడ్డాలు పెట్టాలి. దూరేముందు బండిని చేత్తో గట్టిగా ఊపి చూడండి. ఫోన్ జేబులో ఉండాలి, ఇంట్లోవాళ్ళకి చెప్పి దూరాలి. ఈ ఒక్క పనికి రెండో మనిషికి బదులు లేదు, ఎవరో ఒకళ్ళు పిలిస్తే పలికే దూరంలో ఉండాల్సిందే.

అలాగే ముందు సస్పెన్షన్ స్ప్రింగు. దాన్ని తాళ్ళతో, బైండింగ్ వైరుతో నొక్కి కట్టే వీడియోలు తిరుగుతున్నాయి, దయచేసి చూసి చేయకండి. అది జారితే చెయ్యి కాదు ప్రాణం పోద్ది. స్ట్రట్, అంటే షాక్ అబ్జార్బరూ స్ప్రింగూ కలిసి ఉండే సెట్టు, మొత్తం విప్పి షెడ్డుకి తీసుకెళ్ళి స్ప్రింగు మాత్రం అక్కడ మార్పించుకోండి, మిగతా పని మీదే.

ఇంకేమన్నా అడగాలంటే అడగండి.

(సభలో ఒకరు: నాది పాత మారుతి 800 అండీ, కొత్తగా నేర్చుకోవడానికి అది పనికొస్తుందా?)

దానికంటే మంచి బండి లేదండీ. 1983 లో మొదలై 2014 జనవరి దాకా తయారైంది, 796 సీసీ, మూడు సిలిండర్లే, బానెట్ లేపితే చెయ్యి పెట్టడానికి చోటుంటది. దాని స్పేర్ పార్టులు ఇంకా దొరుకుతున్నాయి, ఆ బండి మీద చెయ్యి తిరిగిన మెకానిక్‌లు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు, అనుమానం వస్తే అడగొచ్చు. ఎలక్ట్రిక్ బళ్ళు, హైబ్రిడ్‌లు ఉన్నవాళ్ళు మాత్రం ఆరెంజి రంగు కేబుల్స్ జోలికి పోవద్దు, వందల వోల్టులు ఉంటాయి.

(ఇంకొకరు: క్లచ్ ప్లేట్ మార్చాలంటే గేర్‌బాక్స్ దించాలి కదా, ఒక్కళ్ళే ఎలా?)

దించడం కంటే ఎక్కించడం కష్టం. ఈ తల లేని బోల్టులు దానికే. గేర్‌బాక్స్ బోల్టుల సైజు, అదే థ్రెడ్డు, కొంచెం పొడుగువి స్క్రాపులో తెచ్చుకుని, తల యాక్సా బ్లేడుతో కోసేసి, కోసిన చోట స్క్రూడ్రైవర్ పట్టేలా గాడి పెట్టండి. ఇవి రెండూ ఇంజిన్‌కి అటొకటి ఇటొకటి బిగించి, గేర్‌బాక్స్‌ని జాకీ మీద చెక్క పలక వేసి దాని మీద పెట్టి లేపి ఈ బోల్టుల మీదకి ఎక్కించి లోపలికి తోయండి. బరువు వీటి మీద ఆగుద్ది కాబట్టి మనం రెండు చేతులతో తిప్పుకుంటా సర్దుకోవచ్చు. గేర్‌బాక్స్ బరువు దాని షాఫ్ట్ మీద, అంటే క్లచ్ ప్లేట్ మీద వేలాడకూడదు, ప్లేట్ మధ్య భాగం వంగిపోద్ది, ఆ తర్వాత క్లచ్ సరిగ్గా వదలదు. అన్ని బోల్టులూ చేత్తో పట్టించాక అప్పుడు ఈ రెండూ స్క్రూడ్రైవర్‌తో తీసి అసలువి పెట్టండి. బోల్టులు బిగిస్తే అదే దగ్గరకొస్తదిలే అని లాగొద్దు, చేత్తో తోస్తే రావాలి, రాకపోతే ప్లేట్ మధ్యలో లేనట్టే. దాన్ని మధ్యలో పెట్టడానికి గుండ్రటి కర్రకి టేపు చుట్టుకుంటా వెళ్ళి, ప్లేట్ పళ్ళల్లోనూ, వెనక ఫ్లైవీల్ (ఇంజిన్ చివర ఉండే బరువైన చక్రం) మధ్యలో ఉండే బేరింగ్‌లోనూ రెండు చోట్లా ఊగకుండా సరిపోయేటట్టు చేసుకోండి, స్క్రాపులో పాత షాఫ్ట్ దొరికితే అది ఇంకా మంచిది. క్లచ్ ప్లేట్‌ని ఫ్లైవీల్‌కి నొక్కి పట్టే ప్రెషర్ ప్లేట్ బోల్టులు బిగించేదాకా కర్ర తీయొద్దు, ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించుకుంటా రావాలి. ప్లేట్ ఏ పక్క ఫ్లైవీల్ వైపు ఉండాలో చాలావాటి మీద రాసే ఉంటది, పాతది తీసేముందు ఫోటో కూడా తీసి పెట్టుకోండి, తిరగేసి పెడితే గేర్‌బాక్స్ అంతా మళ్ళీ దించాలి.